ఐదువందల యాభై మీటర్లు

టవర్‌కు కండ్లు లేవు.
ఈ ముచ్చట ముందుగాల ద్వాలికి చెప్పాలె.
దేవరకొండ ఠాణాల, నా కంప్యూటర్ ముందల
చెప్పులు బయట ఇడిసొచ్చి నిలబడ్డది,
గుడికొచ్చినట్టు.

"సూడు సారూ, ఏడున్నడో సూడు."

కనపడడమ్మా. వినపడుతడు, గంతే.
ఫోను కూతేస్తది, టవరు ఊ కొడ్తది.
ఆ కూతకూ ఆ ఊకూ నడుమ ఎంత ఆలస్యమో
అంత దూరం.
అది గూడ అడుగులల్ల చెప్పదు,
ఐదువందల యాభై మీటర్లకు ఒక మెట్టు.
మీ సేవ్యా ఏడో మెట్టు కాడున్నడు.
ఏడో మెట్టు అంటే
గుట్టలూ చెలుకలూ నీళ్లూ కలిపి
ఒక పెద్ద సున్న.

రెండు రాత్రులాయె.
నలభైమూడు మేకలు వాటంతటవే తండాకొచ్చినయి.
మనిషి రాలె.
ఆఖరి ఫోను మంగళారం పొద్దుమీకి, ఆరూ పదికి.

చందంపేట టవర్ నుంచి ఒక సుట్టు గీసిన.
ఆరూ పదకొండుకు ఫోను కృష్ణ దాటి
అవతలి గట్టు టవర్ మీదికి దుంకింది.
మనిషి కాదు, ఫోను.
ఈడ మేకలు కాసేటోనికి
దినాం ఆంధ్రకు స్వాగతమని మెసేజొస్తనే ఉంటది.
రెండో సుట్టు గీసిన.
కంబాలపల్లి టవర్ ఆ దినం సచ్చి ఉన్నది,
డీజిలు ఎవలో గుంజుకపోయిండ్రు.

రెండు సుట్లు రెండు కాడ కోసుకున్నయి.
ఒకటి గుట్ట మీద.
ఇంకోటి నడి నీళ్లల్ల.

తెర ఆమెకు కనపడకుండ
కుర్చీ కొంచెం జరిపిన.

మా నాయన సర్వేల గొలుసు పట్టినోడు.
రెండు రాళ్లుంటే పంచాదే,
మూడోది దొరికితెనే హద్దు అనేటోడు.
మూడు శివార్లు కలిసే కాడ
ఎండల గడ్డి పీకుకుంట ఎతికేటోడు దాన్ని.
నాకు గడ్డి గూడ లేదు.
పైంగ నీళ్ల మాట నమ్మరాదు.
అలల మీద పడి లేచొచ్చిన కూత
సుట్టుదారిన వస్తది,
పెండ్లింట్ల ముచ్చట లెక్క
ఉన్నదానికంటె పెంచి చెప్తది.

ఫోన్ల ఏమన్నడమ్మా?
"ఏమనలె. గాలొచ్చింది."
గాలొక్కటేనా?

ఆమె కండ్లు మూసుకున్నది.
పంఖా బందు చేసిన.

"ఎండిన తునికాకు సారూ, గలగలమని.
గంట. పగిలిన గంట, ఠక్కు ఠక్కు అంటది,
చెవి కోసిన పిల్లది.
అది నీళ్లను సూస్తే బెదుర్తది,
అందుకే దాన్ని మీదికే తోల్తడు.
అదొక్కటి ఇంటికి రాలె."

నా సాఫ్ట్‌వేర్ల
పగిలిన గంటకు గడి లేదు.
నీళ్లల్ల చుక్కను కొట్టెయ్యబుద్ధి కాలె, ధైర్యం చాలలె.
ఎస్సైకి గుట్ట పేరే ముందు చెప్పిన.
పుట్టి గూడ ఏసిండ్రు నీళ్లల్ల, పద్ధతి ప్రకారం.

దొరికిండు.
బండల సందుల కాలిరిగి,
ఫోను సచ్చి,
మేకపిల్లను పొట్ట మీద పండవెట్టుకొని.
మనిషికి సలి, దానికి భయం,
ఒకరికొకరు సరిపోయిండ్రు.
నేను పెట్టిన చుక్కకు
నాలుగువందల పది మీటర్ల అవతల.

రిపోర్టుల రాసిన:
రెండు టవర్ల ఆధారంగ. తప్పు ఇంత.
గంట సంగతి రాద్దామని
పెన్ను పట్టుకొని శానసేపు కూసున్న.
ఏ గడిల రాయాల్నో తెల్వలె.

రాత్రి తొమ్మిదికి ఇంటి నుంచి ఫోను.
"ఏడున్నవ్?"
దగ్గర్లనే ఉన్న, అన్న.
బండి తాళం ఏ కాయితాల కింద పెట్టిన్నో
ఇంక ఎతుకుతనే ఉన్న.